నాటాల్ ఓడ రిజిస్టర్లు: నాలుగేళ్ళ వాడకం తర్వాత

మా ముత్తాతగారి తమ్ముడు అప్పన్న రంగం పోయాడని మా ఇంట్లో మూడు తరాలుగా చెప్పుకుంటూ వచ్చారు. శ్రీకాకుళం వైపు రంగమంటే రంగూనే కాబట్టి, మొదటి రెండేళ్ళూ బర్మా కాగితాలే వెతికి ఏమీ దొరకక విసిగిపోయాను. సముద్రం దాటిన ప్రతివాడూ ఆ రోజుల్లో రంగం పోయినట్టే లెక్క అని మా ఊరి తాతగారొకరు అన్న తర్వాతనే నాటాల్ ఓడల రిజిస్టర్ల జోలికి వెళ్ళాను.

1860 నుంచి 1911 దాకా మద్రాసు, కలకత్తా రేవుల నుంచి కూలి ఒప్పందం మీద దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు వెళ్ళిన 1,52,184 మంది వివరాలు వీటిలో ఉన్నాయి. ఒక్కొక్కరికి ఒక నంబరు, ఆ తర్వాత పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఎత్తు, ఒంటిమీది గుర్తులు. కంప్యూటర్లోకి ఎక్కించిన ప్రతి ఉంది కనుక ఇంట్లో కూర్చునే వెతుక్కోవచ్చు.

వెతకడమే అసలు పరీక్ష. ఇంటిపేరు ఉండదు. సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకున్నవాళ్ళు మన వైపు ఇంటికొకరు ఉంటారు. ఆ పేరు గుమాస్తా చెవిన పడిన తీరును బట్టి అపానా అని ఒకచోట, ఉప్పనా అని మరొకచోట కనిపిస్తుంది. (మన అప్పలస్వామి అక్కడ ఎన్నో కుటుంబాలకు ఇంటిపేరే అయి కూర్చున్నాడు.) అందుకని నేను పేరును పక్కన పెట్టి ఊరినీ తండ్రి పేరునూ పట్టుకున్నాను. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. శ్రీకాకుళాన్ని అప్పట్లో చికాకోల్ అని రాసేవారు, పైగా 1936 దాకా అది గంజాం జిల్లాలోది. విశాఖపట్నం జిల్లా కింద వెతికి ఆరు నెలలు పోగొట్టుకున్నాను. ఆ తప్పు పూర్తిగా నాదే.

చివరికి 1890లో దిగిన ఒక ఓడ జాబితాలో, వయసు 23, తండ్రి పేరూ ఊరూ సరిపోయిన అప్పన్న దొరికాడు. అయినా నేను నమ్మలేదు. గుర్తుల గడిలో కుడి మోచేతి కింద కాలిన మచ్చ అని చదివాక, చిన్నప్పుడు బెల్లం వండుతుంటే పాకం మీద పడి చెయ్యి కాలిందని మా నాయనమ్మ చెప్పే మాట గుర్తొచ్చింది. 1888-89లో గంజాం జిల్లాలో కరువు వచ్చింది కాబట్టి వెళ్ళిన ఏడాది కూడా పొసుగుతుంది. ఇక్కడి చెరకు వదిలి అక్కడి చెరకు తోటలకే వెళ్ళాడన్నమాట.

ఇటువైపు కాగితాలు నాకు పెద్దగా ఉపయోగపడలేదు. మాది జమీందారీ గ్రామం కనుక నాకు దొరికిన పాత భూమి రికార్డు, 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగలే; అరవై ఏళ్ళ ముందు ఊరు విడిచినవాడు అందులో ఎందుకుంటాడు? రిజిస్ట్రేషన్ల ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది, అంతకు ముందువి మనుషులతో వెతికించాలి.

మనిషి ఒడ్డున దిగేదాకా ఓడ రిజిస్టరును నమ్మవచ్చు. ఆ తర్వాతి బతుకు కావాలంటే నాటాల్‌లోని పీటర్‌మారిట్స్‌బర్గ్ ఆర్కైవ్స్‌లోని మరణానంతర ఆస్తి ఫైళ్ళు చూడాలి. వాటిలో భార్యాబిడ్డల పేర్లుంటాయి. పేర్ల విషయంలో మాత్రం రిజిస్టరు మాటను యథాతథంగా తీసుకోకూడదు, ఊరి పేర్లనైతే పైకి చదివి చూసుకుంటే గాని పోల్చుకోలేము.

ఈ సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టేటప్పుడు అప్పన్న పేరు కూడా కలిపాము. ఆయన నంబరుకు వెంటనే తర్వాతి నంబరు ఒక ఆడమనిషిది: 19 ఏళ్ళు, ఊరు వేరు, తాలూకా అదే, సంబంధం రాయవలసిన చోట భార్య అని ఉంది. ఆయనకు పెళ్ళయిన సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆమెకు కూడా ఒక చీర పెట్టమని మా అత్త అన్నది.