ఎఫ్‌డీఈ12తో ఆరేళ్లు: సున్నా నుంచే నడపాల్సిన లెక్కలు

నల్లగొండలో డిగ్రీ పిల్లలకు లెక్కలు చెబుతాను. పీహెచ్‌డీ కోసం ఫ్రాక్షనల్ డిఫరెన్షియల్ ఈక్వేషన్లు పట్టుకుని ఆరేళ్లయింది. అంటే అవకలజం (మార్పు రేటు) ఆర్డర్ 1, 2 లాంటి పూర్ణాంకం కాకుండా సగం లాంటి భిన్నం అయ్యే సమీకరణాలు. ఈ ఆరేళ్లూ తొలి విలువల సమస్య (మొదటి విలువ ఇచ్చి తర్వాతివి కనుక్కోమనేది) ఏది వచ్చినా నేను ముందు తెరిచింది ఎఫ్‌డీఈ12 ఫైలునే. ఇటలీలో బారి యూనివర్సిటీ ప్రొఫెసర్ రాబర్టో గర్రప్పా మ్యాట్‌ల్యాబ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ కోసం రాసి, అందరికీ ఉచితంగా పెట్టిన ప్రోగ్రామ్ ఇది. నేను ఎక్కువగా దానిలాంటిదే అయిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఆక్టేవ్‌లో నడిపాను. నాకు బాగా నచ్చింది, ఇప్పటికీ వాడుతున్నాను. కానీ మామూలు సమీకరణాల అలవాటుతో దీని దగ్గరికి వస్తే ఎక్కడ దెబ్బ తింటామో అనుభవం మీద తెలిసింది. అందులో అన్నిటికన్నా పెద్దది చెబుతాను: ఈ లెక్కను మధ్యలో తెంపి మళ్లీ మొదలుపెట్టకూడదు.

మర్రిగూడ, చండూరు వైపు ఊళ్లలో ఫ్లోరైడ్ నీళ్లు మనుషుల ఎముకలను ఏం చేశాయో మా జిల్లాలో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకోవచ్చని మన దేశ ప్రమాణం. నాతో పనిచేసే కెమిస్ట్రీ మేడమ్ బోరు నీళ్లలో ఫ్లోరైడ్‌ను పట్టుకునే యాక్టివేటెడ్ అల్యూమినా గుళికలు వేసి, గంటగంటకూ ఫ్లోరైడ్ ఎంత తగ్గిందో కొలిచేవారు. మొదట గబగబా తగ్గేది. ఆ తర్వాత ఆగిపోయినట్టే ఉండేది, కానీ మర్నాడు చూస్తే ఇంకొంచెం తగ్గి ఉండేది. మామూలు ఫస్ట్ ఆర్డర్ సమీకరణం గీత మొదటి గంటలకు సరిపోతే మర్నాటికి సరిపోయేది కాదు. ఆర్డర్‌ను 1 కన్నా కిందికి, భిన్నంలోకి దించితే గీత కొలతల పక్కకు చేరింది. ఆ రోజు మా ఇద్దరికీ కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది.

తర్వాతే తప్పు చేశాను. కొలతలు రెండు రోజులవి. మొదటి రోజు సాయంత్రం వచ్చిన విలువను కొత్త తొలి విలువగా ఇచ్చి, రెండో రోజుకు ప్రోగ్రామ్‌ను అక్కడి నుంచి మళ్లీ నడిపాను. మామూలు సమీకరణాలకు వాడే రుంగే-కుట్టా పద్ధతితో ఇన్నేళ్లు చేసిందీ అదే, పిల్లలకు చెప్పిందీ అదే. గీత అతుకు దగ్గర విరిగినట్టు ఒక్కసారిగా కిందికి దిగింది. కొలతలు మాత్రం నెమ్మదిగానే తగ్గుతున్నాయి. కొలతల్లోనే ఏదో తేడా ఉందనుకుని మేడమ్‌ను మళ్లీ చేయమని అడిగాను. ఆవిడ ఓపికగా చేశారు. చివరికి అన్నారు: "సార్, మూడోసారి కూడా చేశాను. జాడీ అదే, నీళ్లు అవే, అంకెలూ అవే వస్తున్నాయి. మీ లెక్క ఒకసారి చూడండి."

చూశాను. జవాబు ముందే తెలిసిన సమస్య తీసుకున్నాను: వై సగం ఆర్డర్ అవకలజం మైనస్ వైకి సమానం, సున్నా దగ్గర వై విలువ 1. దీని జవాబు మిట్టాగ్-లెఫ్లర్ ఫంక్షన్. మామూలు సమీకరణాల్లో ఎక్స్‌పొనెన్షియల్‌కు ఉన్న చోటు ఇక్కడ దీనిది. ఆర్డర్ 1 చేస్తే ఇది అచ్చంగా ఎక్స్‌పొనెన్షియలే అవుతుంది. కాలం 1 దగ్గర విలువ 0.4276. అక్కడ తెంపి, 0.4276 నుంచి ఇంకో యూనిట్ నడిపితే 0.1828 వచ్చింది. తెంపకుండా సున్నా నుంచి 2 దాకా నడిపితే 0.3362. దాదాపు రెట్టింపు తేడా! మొదటి ఆర్డర్‌లో అయితే రెండు దారులూ ఒకే చోటికి చేరేవి.

కారణం ఆ అవకలజంలోనే ఉంది. మామూలు అవకలజం ఈ క్షణంలో ఏం జరుగుతోందో చూస్తే చాలు. భిన్న ఆర్డర్ అవకలజం నిజానికి ఒక ఇంటిగ్రల్. మొదటి క్షణం నుంచి ఇప్పటిదాకా జరిగినదంతా అందులోకి వస్తుంది, పాతబడేకొద్దీ దాని బరువు తగ్గుతుంది తప్ప సున్నా కాదు. సాయంత్రం విలువ ఒక్కటే ఇచ్చి మొదలుపెట్టమంటే పగలంతా జరిగింది చెరిపేసి, గుళికలు అప్పుడే వేశామని చెప్పినట్టు. ప్రోగ్రామ్ హెచ్చరించలేదేమని మొదట కోపం వచ్చింది. కానీ దానికి ఎలా తెలుస్తుంది? ప్రారంభ కాలంగా మనం ఏది ఇస్తే దానికి చరిత్ర అక్కడే మొదలు. గుళికలు నీళ్లలో పడిన క్షణమే మా సున్నా. అది మార్చే హక్కు నాకు లేదు.

ఇక ప్రోగ్రామ్ లోపలి పని. భిన్న అవకలజానికి కపుటో 1967లో ఇచ్చిన నిర్వచనం మీద నడుస్తుంది కాబట్టి తొలి విలువగా మనం కొలిచిన అంకెనే ఇవ్వచ్చు. దానికన్నా పాతదైన రీమన్-లియువిల్ నిర్వచనంలో అయితే భిన్న ఇంటిగ్రల్ విలువ ఇవ్వాలి, దాన్ని ఏ జాడీలో కొలుస్తాం? ఆర్డర్ 1 దాటితే తొలి వేగం కూడా ఇవ్వాలి. పద్ధతి డీతెల్మ్, ఫోర్డ్, ఫ్రీడ్ 2002లో వివరించిన ప్రెడిక్టర్-కరెక్టర్: ముందు ఒక అంచనా వేసి, దాన్నే సరిదిద్దుకుంటుంది.

కాలాన్ని చిన్న చిన్న స్టెప్‌లుగా విడగొట్టి నడుస్తుంది. ప్రతి స్టెప్‌లో వెనకటి స్టెప్‌లన్నీ కూడాలి కాబట్టి లెక్క బరువు చాలా వేగంగా పెరుగుతుంది. లక్ష స్టెప్‌లు పెడితే నేరుగా కూడే దారిలో కూడాల్సిన అంకెలు సుమారు 500 కోట్లు. నేను మొదట సొంతంగా రాసుకున్న ప్రోగ్రామ్ అలాగే చేసేది, మధ్యలో కరెంటు పోతే టెన్షన్ వేరే. ఎఫ్‌డీఈ12 ఆ కూడికలను ఫాస్ట్ ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్ అనే వేగమైన పద్ధతితో గుంపులుగా చేస్తుంది, పని కొన్ని కోట్లకు దిగుతుంది. రాత్రంతా వదిలేసే లెక్క టీ తాగి వచ్చేలోపు అయిపోయిందంటే ఆ ఘనత దీనిదే.

స్టెప్ సైజు మనమే ఇవ్వాలి, మొదటి నుంచి చివరిదాకా అదే ఉంటుంది. ఇది నాకు ఇబ్బందిగానే ఉంది. పైన చెప్పిన సమస్యలో కాలం 0.01 అయ్యేసరికే విలువ 1 నుంచి 0.8965కు పడిపోతుంది, ఎక్స్‌పొనెన్షియల్ అయితే 0.99 దగ్గరే ఉండేది. మొదట్లో గీత అంత నిటారుగా ఉంటుంది కాబట్టి అక్కడ చిన్న స్టెప్ కావాలి, తర్వాత అంత అవసరం లేదు. పైగా సగం ఆర్డర్‌కు స్టెప్‌ను సగం చేస్తే ఎర్రర్ సుమారు 2.8వ వంతుకు తగ్గాలన్న లెక్క గీత మొదట్లో ఇలా నిటారుగా లేని, నున్నటి సందర్భాలకే వర్తిస్తుంది. అందుకే ఏ జవాబునూ ఒక్క స్టెప్ సైజుతో నమ్మను. సగం చేసి మళ్లీ నడిపి, రెండూ ఎన్ని దశాంశాల దాకా కలుస్తున్నాయో చూస్తాను.

అదే సమస్యలో వైని గుణించే రేటును 1 బదులు 100 లాంటిది పెడితే 0.01 స్టెప్‌తో అంకెలు పేలిపోతాయి. సగం ఆర్డర్‌లో ఇక్కడ ఇంకో చిక్కు ఉంది: నిలకడను తేల్చేది రేటును స్టెప్ వర్గమూలంతో గుణిస్తే వచ్చే అంకె. దాన్ని పదో వంతు చేయాలంటే స్టెప్ వందో వంతు కావాలి. అలాంటి సమస్యలకు గర్రప్పా తర్వాత ఇచ్చిన ఇంప్లిసిట్ ప్రోగ్రామ్‌లకు (ప్రతి స్టెప్‌లో ఒక సమీకరణం సాధించి కొత్త విలువ కనుక్కునేవి) మారాను. వాటికి జాకోబియన్ (సమీకరణాల పాక్షిక అవకలజాల పట్టిక) కూడా రాసివ్వాలి, అది కొంచెం శ్రమ. కానీ వాటిలో ఒక్కో సమీకరణానికి ఒక్కో ఆర్డర్ ఇచ్చే వీలుంది, నాకు అది చాలా పనికొచ్చింది.

యూనిట్ల దగ్గర కూడా జాగ్రత్త. నిమిషాల్లో ఉన్న రేటును గంటల్లోకి మార్చేటప్పుడు చేయి అలవాటుగా 60తో గుణిస్తుంది. సగం ఆర్డర్‌లో గుణించాల్సింది 60 వర్గమూలంతో, అంటే సుమారు 7.75తో. ఈ తప్పును నా నోట్‌బుక్‌లో రెండు చోట్ల ఎర్ర ఇంకుతో దిద్దుకున్నాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎఫ్‌డీఈ12తోనే మొదలుపెట్టాలని నా అభిప్రాయం. ఫైలు చిన్నది, తెరిచి ఒక్కో వరుసా చదువుకోవచ్చు. సొంత సమస్య ఎక్కించే ముందు మాత్రం ఆ 0.4276, 0.3362 వస్తున్నాయో లేదో చూసుకోండి.

మేడమ్ ఇప్పుడు వారం రోజుల కొలతలు తీస్తున్నారు. సాయంత్రం కొత్త అంకె ఫోన్‌లో పంపుతారు. నేను ఆ రోజుదాకా ఉన్న లెక్కంతా, గుళికలు వేసిన క్షణం నుంచి, మళ్లీ నడుపుతాను.