కరాటే క్లాసులా, చుట్టూ ఉన్నవాళ్ళకి ట్రైనింగా: ఏది మేలు?

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు మన తెలుగు యూత్ క్లబ్బులవాళ్ళు, మహిళా సంఘాలవాళ్ళు ఈమధ్య ఒకటే అడుగుతున్నారు, చందా డబ్బులు కొంచెం ఉన్నాయి, మా పిల్లల మీద అఘాయిత్యాలు జరక్కముందే ఏదైనా చేద్దామనుకుంటున్నాం, కరాటే పెట్టించమంటారా ఇంకేదైనా చెప్తారా అని.

కరాటేని నేను తీసిపారెయ్యను. పిల్లకి ధైర్యం వస్తుంది, గొంతెత్తి అరవడం అలవాటవుతుంది. కానీ మన దేశంలో నమోదయ్యే రేప్ కేసుల్లో 90 శాతం పైనే నిందితుడు తెలిసినవాడని దేశంలో నేరాల లెక్కలు తీసే ప్రభుత్వ సంస్థ ఎన్‌సీఆర్‌బీ లెక్కలే ఏటా చెప్తున్నాయి. చుట్టం, పక్కింటాయన, ట్యూషన్ మాస్టారు, ప్రేమిస్తున్నానని వెంటపడ్డవాడు. బాబాయ్ అని పిలిచే మనిషి మీద పదేళ్ళ పిల్ల చెయ్యెత్తగలదా? నాకు అన్నిటికంటే ఇదే పెద్ద విషయం. కెనడాలో 2015లో ఒక స్టడీ వచ్చింది, యూనివర్సిటీ అమ్మాయిలకి 12 గంటల ట్రైనింగ్ ఇచ్చి చూస్తే ఏడాదిలో రేప్‌కి గురైనవాళ్ళు ట్రైనింగ్ తీసుకున్నవాళ్ళలో 5.2 శాతం, తీసుకోనివాళ్ళలో 9.8 శాతం. అందులోనూ దెబ్బలు కొట్టడం ఒక భాగమే, తెలిసినవాడి తేడా బుద్ధిని ముందే పసిగట్టడం, వాడేమనుకుంటాడో అన్న మొహమాటం వదలడం గట్టిగా నేర్పారు. కరాటే పెడితే ఇది కూడా కలిపి పెట్టండి.

నా ఓటు మాత్రం రెండోదానికే, అంటే చుట్టూ ఉన్నవాళ్ళు చూస్తూ ఊరుకోకుండా అడ్డుపడేలా ట్రైనింగ్ ఇవ్వడానికే. పాతపట్నం-పర్లాకిమిడి షేర్ ఆటోలో కాలేజీ పిల్ల మీదకి ఒకడు ఒరుగుతున్నాడనుకోండి, చూసినవాళ్ళు కలబడక్కర్లేదు, "అమ్మా, ఇటొచ్చి నా పక్కన కూచో" అంటే చాలు, లేదా వాణ్ణే "ఏ ఊరు బాబూ, ఎవరబ్బాయివి" అని మాటల్లో పెట్టినా చాలు. పెళ్ళింట్లో ఎవరో చిన్నపిల్లని మేడ మీదకి రమ్మంటుంటే వెనకాలే వెళ్ళి "అమ్మ పిలుస్తోంది" అని తెచ్చెయ్యడం. చెప్పుకుంటే చిన్నవే, కానీ ముందు ప్రాక్టీస్ లేకపోతే ఆ క్షణానికి నోరు పెగలదు, మనకెందుకులే అనిపిస్తుంది. అమెరికా కెంటకీలో 26 హైస్కూళ్ళు తీసుకుని సగం వాటిలో ఇలాంటి ట్రైనింగ్ ఇచ్చి చూశారు, మిగతావాటితో పోలిస్తే వాటిలో లైంగిక హింస మూడో ఏడు, నాలుగో ఏడు తగ్గింది. అంటే ఒక్క ఆదివారం మీటింగు పెట్టి ఫొటో దిగితే పని జరగదు, ఏళ్ళ తరబడి నడపాలి. పైగా దీన్లో బరువంతా ఆడపిల్ల నెత్తిన పడదు, నువ్వెందుకు ఎదురు తిరగలేదని రేపు ఆమెని ఎవరూ నిలదియ్యరు.

సీసీ కెమెరాలు, వీధి లైట్లు అంటారా, పెట్టండి, ఇంట్లో జరిగేదానికి అవి పనికిరావు.

మొదటి మీటింగుకి ఆటో యూనియన్‌వాళ్ళని, క్రికెట్ టీం కుర్రాళ్ళని, ట్యూషన్లు చెప్పేవాళ్ళని పిలవండి. పిల్లల మీద అఘాయిత్యం జరిగిందని తెలిసీ పోలీసులకి చెప్పకపోవడం, పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం కింద నేరమని అక్కడే చెప్పండి, పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు అందరి ఫోన్లలో సేవ్ చేయించండి.