లంగరు లేని గిన్నె: బర్మింగ్‌హామ్ నగల పేటలో రెండు రోజులు

ముందు అంకె రాసేస్తాను, కడుపుమంట కొంత చల్లారుతుంది: 65 పౌన్లు. మన డబ్బుల్లో ఏడు వేల పైమాటే. మా చెల్లెలి కొడుకు అన్నప్రాశనకని వెండి గిన్నె కొన్నాను. అది కూడా ఏ మారుమూల సంతలోనో కాదు. రెండు వందల యాభై ఏళ్ళుగా వెండిని పరీక్షించి అసలుదని ముద్ర వేస్తున్న ఊళ్ళో, నలభై ఏళ్ళు వెండి పని చేసిన మనిషిని వెంటబెట్టుకుని వెళ్ళి మరీ మోసపోయాను.

ఆ మనిషి మా మామగారు. కరీంనగర్‌లో వెండి తీగ పని చేసేవారు. కూతురి దగ్గర మూడు నెలలు ఉందామని లెస్టర్ వచ్చారు. లండన్ తీసుకెళ్ళి వంతెన, రాజభవనం చూపిస్తే "బాగున్నాయి" అని ఊరుకున్నారు. బర్మింగ్‌హామ్‌లో కంసాలుల పేట ఒకటి ఉంది, ఇప్పటికీ అక్కడ పని చేస్తున్నారు అన్నాక మాత్రం మరుసటి శనివారం మాకంటే ముందే తయారై కూర్చున్నారు.

రైలు, ట్రాము ఏ ఇబ్బందీ పెట్టలేదు. న్యూ స్ట్రీట్ స్టేషన్ బయట ట్రాము ఎక్కితే జ్యువెలరీ క్వార్టర్ అనే ఆ కంసాలుల పేట ఎంతో దూరం లేదు. ఇబ్బంది పెట్టింది బస. పాత నగల కార్ఖానాను గదులుగా మార్చారట, ఫొటోల్లో ఇటుక గోడలు చూసి మురిసిపోయాను. రెండు రాత్రులకు 164 పౌన్లు అని చూపించి, డబ్బు కట్టే చోట శుభ్రం చేసే రుసుము అంటూ మరో 38 కలిపారు. తాళంచెవి ఉన్న పెట్టె నంబరు పని చేయలేదు. వానలో నలభై నిమిషాలు నిలబడ్డాం. అన్నిసార్లు ఫోను చేసినా ఎత్తినవాళ్ళు లేరు, చివరికి పక్కింటి కుర్రాడు పాత నంబరు చెప్తే పెట్టె తెరుచుకుంది. మా ఆవిడ ఏమీ అనలేదు. "మీరే కదా వెతికింది" అని మాత్రం రెండు రోజుల్లో పదిసార్లకు తక్కువ కాకుండా గుర్తుచేసింది.

ఇంతకీ ఆ పేటలో తప్పకుండా చూడాల్సింది ఒక్కటి చెప్పమంటే వైస్ స్ట్రీట్‌లోని మ్యూజియం అంటాను. 1899లో పెట్టిన స్మిత్ అండ్ పెప్పర్ అనే బంగారు గాజుల కార్ఖానా అది. 1981లో యజమానులు ముసలివాళ్ళై, కొనేవాళ్ళు దొరక్క తలుపులు మూసేశారు. పనిముట్లు, లెక్కల పుస్తకాలు, టీ కప్పులు, జామ్ సీసాలు, అన్నీ ఎక్కడివక్కడే వదిలేశారు. 1992లో దాన్నే మ్యూజియంగా తెరిచారు. టికెట్టు ముందే కొనుక్కుని, వివరించి చెప్పే మనిషి వెంట వెళ్ళండి. నగలను అద్దాల వెనక పెట్టి చూపించే చోట్లు లోకంలో చాలా ఉన్నాయి, చేసిన చోటును మసితో సహా చూపించేవి అరుదు.

పనిబల్ల దగ్గర మామగారు ఆగిపోయారు. బల్ల అంచు అర్ధచంద్రాకారంలో లోపలికి కోసి ఉంటుంది. పనివాడు ఆ వంపులో కూర్చుంటాడు, అతని ఒళ్ళోకి ఒక తోలు ముక్క జోలెలా వేలాడుతుంది. ఆకురాయి పెట్టినప్పుడు రాలే రజను అందులో పడాలి. "మా దగ్గర నేల మీద కూర్చుంటాం, ఇంతే తేడా" అన్నారాయన. రజను సంగతి చెప్పేటప్పుడు గైడు మరీ ఉత్సాహపడింది: నేల ఊడ్చిన చెత్త దాచేవారట, చేతులు కడిగిన నీళ్ళు కూడా వడగట్టేవారట. నేను తెలుగులో చెప్తుంటే మామగారు నవ్వి, "తరుగు పేరుతో కొనేవాడి దగ్గర తీసుకున్నది కూడా ఉంటుంది కదా, అదెక్కడ రాశారో అడగండి బాబూ" అన్నారు. ఆ ప్రశ్న నేను అనువదించలేదు.

మ్యూజియం నుంచి నాలుగు అడుగులు వేస్తే 1903 నాటి చాంబర్లేన్ గడియార స్తంభం. ఆకుపచ్చ రంగు, ఇనుప పోత. మామగారికి కరీంనగర్ టవర్ సర్కిల్ గుర్తొచ్చి, కింద నిలబడి ఫొటో తీయించుకున్నారు.

మా ఆవిడ కాలి పట్టీ కొక్కెం ఊడి నెల అయింది. మేడ మీద ఒక ముసలాయన మరమ్మతులు చేస్తాడని బోర్డు చూసి ఎక్కాం. ఆయన పట్టీని భూతద్దంలో తిప్పి తిప్పి చూసి, ముద్ర ఏదీ లేదే అని అడిగాడు. లేదు, తండ్రే చేశాడు అన్నాం. అంతే, మామగారిని బల్ల దగ్గరికి పిలిచాడు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. గ్యాసు మంట చూసి ఈయన నోటితో ఊదుగొట్టం ఊదినట్టు చేసి చూపించారు. ఆయన సొరుగులోంచి పాత ఊదుగొట్టం తీసి చూపించాడు. వెలిగారం రాసి, చిన్న అతుకు ముక్క పెట్టి, మంట సోకించగానే అది కరిగి మెరుస్తూ సందులోకి పారింది. అరనిమిషం పని. 12 పౌన్లు తీసుకున్నాడు, నాకు ఒక్క పెన్నీ కూడా బాధ అనిపించలేదు.

ఆ సంతోషంలోనే సాయంత్రం తప్పు చేశాను. మామగారు కాళ్ళు లాగుతున్నాయని సెయింట్ పాల్స్ చర్చి దగ్గర బెంచీ మీద కూర్చుంటే, నేను ఒక్కణ్ణే పాత వస్తువుల దుకాణంలోకి వెళ్ళాను. చిన్న గిన్నె, అంచున తీగెల నగిషీ. అడుగున నాలుగు బుల్లి డాళ్ళలో నాలుగు ముద్రలు. "చక్కని పాత వెండి" అన్నాడు దుకాణదారు. బేరం కూడా ఆడకుండా కొన్నాను.

గదికి వచ్చాక మామగారు గిన్నెను అరచేతిలో ఒకసారి ఎగరేశారు. అడుగు అంచును బొటనవేలితో రుద్ది, దీపం కిందికి వంచి, "పూత" అన్నారు. అరిగిన చోట పసుపు ఛాయ తేలుతోంది. నేను హాల్‌మార్క్ అనుకున్న ముద్రలు మెలికల అక్షరాల్లో ఈ, పీ, ఎన్, ఎస్. నికెల్ సిల్వర్ మీద విద్యుత్తుతో వేసిన వెండి పూత అని వాటి అర్థం. నికెల్ సిల్వర్‌లో సిల్వర్ పేరులోనే ఉంది, లోపల రాగి, జింకు, నికెల్. మన ఇళ్ళల్లో జర్మన్ సిల్వర్ అనేది అదే. బిల్లు తీసి చూస్తే "పాత గిన్నె, ఒకటి" అని మాత్రమే ఉంది. నోటితో అన్న వెండి కాగితం మీద లేదు.

నిద్ర పట్టక ఫోనులో ఆ ఊరి చరిత్రంతా చదివాను. 1773కు ముందు బర్మింగ్‌హామ్‌లో చేసిన వెండి సామానుకు ముద్ర కావాలంటే డెబ్బై మైళ్ళ అవతల చెస్టర్‌కో, లండన్‌కో పంపాలి. దారిలో సొట్టలు, గీతలు, ఆలస్యం. ఆవిరి యంత్రాల వాట్‌కు తరవాత భాగస్వామి అయిన మాథ్యూ బౌల్టన్ పట్టుబట్టి, లండన్ కంసాలులు అడ్డుపడినా పార్లమెంటులో చట్టం చేయించాడు. 1773 ఆగస్టు 31న న్యూ స్ట్రీట్‌లోని ఒక సత్రంలో, మూడు గదుల్లో పరీక్షా కార్యాలయం తెరిచారు. సముద్రమే లేని ఆ ఊరికి లంగరు గుర్తు వచ్చింది. అదే చట్టంతో షెఫీల్డ్‌కు కిరీటం దక్కింది. క్రౌన్ అండ్ యాంకర్, అంటే కిరీటం, లంగరు అనే పేరున్న లండన్ సత్రంలో మంతనాలు జరిగినందువల్ల ఆ గుర్తులు వచ్చాయని చెప్తారు. సరే, అంత పోరాడి అసలు వెండికి ముద్ర తెచ్చుకున్న ఊళ్ళోనే 1840లో ఎల్కింగ్టన్ అనే వ్యాపారి విద్యుత్ పూతకు పేటెంటు తీసుకున్నాడు. పూతను పూతగా అమ్మితే తప్పేమీ లేదు. నా లాంటివాడికి వెండిగా అమ్మితేనే తంటా.

వెండి కొనబోయేవాళ్ళకు చెప్తున్నాను: 7.78 గ్రాములు దాటిన వస్తువును ముద్ర లేకుండా వెండి అని అమ్మడం ఇక్కడి 1973 చట్టం ప్రకారం నేరం. మినహాయింపులు ఏవో కొన్ని ఉన్నాయి, వాటి జోలికి పోకండి. అక్షరాలు కాదు, లంగరు, 925 అంకె వెతకండి. ముద్రల అర్థాలు చెప్పే పట్టిక దుకాణంలో కనబడేలా పెట్టాలి. అది లేని చోట టీ కూడా తాగకండి.

ఆదివారం ఆ దుకాణం మూసి ఉంది. తెరిచి ఉన్న మరో చోట, పట్టిక గోడ మీద చూసుకున్నాకే, లంగరు ముద్ర ఉన్న చెంచా 46 పౌన్లకు కొన్నాం. మధ్యాహ్నం సోహో రోడ్డులో పంజాబీ భోజనం, ముగ్గురికి 31 పౌన్లు. పప్పు బాగుంది, నేను సరిగా తినలేదు.

గిన్నెను చెత్తలో పారేయబోతే మామగారు లాక్కున్నారు. అంచు నగిషీ అచ్చు మీద కొట్టినదే అయినా పనితనం ఉందట, కరీంనగర్‌లో కుర్రాళ్ళకు చూపిస్తారట. చేతిరుమాల్లో చుట్టి సంచిలో పెట్టుకున్నారు.

"నాన్నా, విమానాశ్రయంలో వెండా అని అడిగితే భయపడకు" అంది మా ఆవిడ, నా వైపు చూస్తూ. "బిల్లు చూపించు. అందులో నిజమే రాశాడు."