పెళ్ళిచూపులు: తలుపు ఇరుక్కున్న గదిలో ఇద్దరు

2016లో ఈ సినిమా వచ్చేనాటికి మా ఇంట్లో నాకు సంబంధాలు చూస్తున్నారు. మూడు పెళ్ళిచూపులు అయ్యాయి. మూడుసార్లూ అదే వరస. పెద్దవాళ్ళు హాల్లో మిక్స్‌చర్ తింటూ "మీరిద్దరూ కాసేపు మాట్లాడుకోండి" అని లోపలికి పంపేవాళ్ళు. ఏం మాట్లాడాలో తెలీక ఇద్దరం ఫ్యాన్ చప్పుడు వింటూ కూర్చునేవాళ్ళం. అందుకే తెరమీద ప్రశాంత్ (విజయ్ దేవరకొండ), చిత్ర (రీతూ వర్మ) ఉన్న గది తలుపు ఇరుక్కుపోగానే నేను సీట్లో ముందుకి జరిగాను.

ఆ గదిలో ఇద్దరూ తమ పాత కథలు చెప్పుకుంటారు. సినిమాకి ప్రాణం అక్కడే ఉంది. అందులోనూ నాకు బాగా నచ్చింది వాళ్ళు మాట్లాడే తీరు కంటే వినే తీరు. విజయ్ దేవరకొండ చెబుతుంటే రీతూ వర్మ ముఖం చూడండి. మొదట చిరాకు, తర్వాత కొంచెం ఆసక్తి, ఆ తర్వాత ఆపుకుంటున్న నవ్వు. సింక్ సౌండ్‌లో, అంటే షూటింగ్‌లోనే మాటలు రికార్డు చేస్తూ తీశారు కాబట్టి ఆ గొంతు కూడా ఆమెదే. హీరోయిన్‌కి ఇంకెవరో డబ్బింగ్ చెప్పడం అలవాటైపోయిన మనకి అదెంత హాయో!

విజయ్ ఇంకా 'అర్జున్ రెడ్డి' కాని రోజులవి. బీటెక్ గట్టెక్కలేక, నాన్నతో తిట్లు తింటూ భుజాలు వేలాడేసుకుని తిరిగే కుర్రాడు వంట ఊసొచ్చేసరికి వేరే మనిషైపోతాడు. చిత్ర ఫుడ్ ట్రక్ పెడదామంటే అతను సరేననడం అందుకే నమ్మబుద్ధేసింది.

ప్రియదర్శి గురించి చెప్పకపోతే పాపం. మాది కరీంనగర్. మా మాటని సినిమాల్లో ఎన్నోసార్లు వెక్కిరింపుకి వాడారు. అతను వేసిన కౌశిక్ మాత్రం అచ్చం మా బాబాయి కొడుకులా మాట్లాడతాడు. నవ్వు అతని యాస మీద కాదు, మాట మీద వస్తుంది. ఆ మాటలకే దర్శకుడు తరుణ్ భాస్కర్‌కి జాతీయ అవార్డు వచ్చింది, రావాల్సిందే.

సెకండాఫ్‌లో డబ్బున్న సంబంధం గొడవ కాస్త సాగింది. అది ఓ పది నిమిషాలు తగ్గినా బాగుండేది.

మొన్న ఆదివారం అమ్మకి చూపించాను. ఏ సినిమా పెట్టినా సగంలో వంటింట్లోకి వెళ్ళిపోయే మనిషి. ఈసారి చాయ్ పెట్టడానికి లేస్తూ, "నేనొచ్చేదాక ఆపు బిడ్డా" అంది.