మేరీ రిచర్డ్స్ అద్దెకున్న ఊరిలో నాలుగు రాత్రులు

అమెరికాలో మినెసోటా రాష్ట్రంలోని మినియాపొలిస్ వెళ్లి వస్తానని చెప్పినప్పుడు షికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఉంటున్న మా అక్క కూతురు ముందుగా అడిగిన మాట, "అక్కడ మనవాళ్లు ఎవరున్నారు పిన్నీ?" అని. బంధువులెవరూ లేరు. నేను వెళ్లాలనుకున్నది మేరీ రిచర్డ్స్ ఉన్న ఊరికి. 1970 సెప్టెంబరు 19 నుంచి 1977 మార్చి 19 వరకు సీబీఎస్ చానెల్‌లో 168 భాగాలుగా ప్రసారమైన 'ద మేరీ టైలర్ మూర్ షో' అనే హాస్య ధారావాహికలో, పెళ్లి మాటలు తప్పిపోయిన ముప్ఫై ఏళ్ల స్త్రీ ఒంటరిగా మినియాపొలిస్‌కు వచ్చి, గది అద్దెకు తీసుకుని, ఒక టెలివిజన్ కేంద్రం వార్తా విభాగంలో ఉద్యోగంలో చేరుతుంది. ఆ పాత్ర పేరే మేరీ రిచర్డ్స్.

హైదరాబాదులో ఒక తెలుగు దినపత్రిక డెస్కులో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి, పెళ్లి చేసుకోకుండా ఉండిపోయిన నాకు ఈ ధారావాహిక యాభయ్యో ఏట గానీ పరిచయం కాలేదు. మొదటి భాగంలోనే ఉద్యోగం కోసం వచ్చిన మేరీని న్యూస్ డైరెక్టర్ లూ గ్రాంట్ వయసు, మతం, పెళ్లి గురించి అడుగుతాడు. ఆమె వచ్చింది సెక్రటరీ పనికి. అది అప్పటికే భర్తీ అయిందని చెప్పి అసోసియేట్ ప్రొడ్యూసర్ పని ఇస్తాడు. హోదా పెద్దది, జీతం మాత్రం వారానికి పది డాలర్లు తక్కువ. 1972లో వచ్చిన మరో భాగంలో, తనకు ముందు అదే కుర్చీలో కూర్చున్న మగవాడికి వారానికి యాభై డాలర్లు ఎక్కువ ఇచ్చేవారని తెలిసి ఆమె నిలదీస్తే, అతనికి కుటుంబం ఉందన్న సమాధానం వస్తుంది. ఆ మాటను మా ఆఫీసులో నేను తెలుగులో విన్నాను. అందువల్ల ఈ యాత్రను సినిమా షూటింగు జరిగిన చోట్లు చూసి వచ్చే సరదాగా నేను అనుకోలేదు. ఒంటరి ఉద్యోగిని కథకు చిరునామాగా నిలిచిన ఊరు ఒంటరిగా వచ్చిన ఆడమనిషిని ఎలా చూసుకుంటుందో తెలుసుకోవాలనుకున్నాను. శనివారం కారులో తీసుకువెళతానన్న పిల్ల మాటను వద్దన్నది కూడా అందుకే.

2024 సెప్టెంబరు మొదటి మంగళవారం ఉదయం 11.05కు షికాగో యూనియన్ స్టేషన్‌లో బోరియాలిస్ రైలు ఎక్కాను. ఆమ్‌ట్రాక్ సంస్థ ఆ ఏడాది మే నెలలోనే ఈ రైలును ప్రారంభించింది. ప్రయాణం ఏడున్నర గంటలు. సీట్లు మన చైర్‌కార్ కంటే విశాలంగా ఉన్నాయి, కాళ్లు పూర్తిగా చాపుకోవచ్చు. విస్కాన్సిన్‌లోని లా క్రాస్ దాటి మిసిసిపీ నది మీదుగా మినెసోటాలోకి ప్రవేశించాక, రైలు చాలాసేపు నదిని కుడివైపున పెట్టుకుని సాగుతుంది. కాబట్టి ఎక్కగానే కుడివైపు కిటికీ పట్టుకోవడం మంచిది. శాకాహారులు తినుబండారాలు వెంట తీసుకువెళ్లాలి. నేను పులిహోర పట్టుకెళ్లాను.

రైలు మినియాపొలిస్ పక్కనే ఉన్న సెయింట్ పాల్ నగరంలోని యూనియన్ డిపోలో ఆగుతుంది. అక్కడి నుంచే గ్రీన్ లైన్ అనే లైట్ రైలు మినియాపొలిస్ నడిబొడ్డుకు ముప్పావు గంటకు పైగా సమయం తీసుకుని చేరుస్తుంది. సాయంత్రం ఏడు దాటాక పెట్టెలో రద్దీ తక్కువగా ఉంది. ఒక మూల ఇద్దరు గట్టిగా వాదించుకుంటుంటే, తర్వాతి స్టేషన్‌లో దిగి పక్క పెట్టెలోకి మారాను. అంతకు మించి ఇబ్బంది కలగలేదు. విమానంలో వచ్చేవారికి బ్లూ లైన్ మరింత సులువు, విమానాశ్రయం నుంచి అరగంట లోపే దింపుతుంది.

మొదటి రెండు రాత్రులకు డౌన్‌టౌన్‌లో బుక్ చేసుకున్న బస గురించి కొంత వివరంగా చెప్పాలి. అది మనుషులు కనిపించని పద్ధతి బస. కౌంటరు ఉండదు, ఫోనుకు వచ్చే కోడుతో తలుపు తెరుచుకోవాలి. నాది భారతీయ నంబరు కావడంతో కోడు రాలేదు. సహాయ కేంద్రానికి ఫోన్ చేసి, చీకటి పడుతున్న వీధిలో పెట్టె పక్కన పెట్టుకుని నలభై నిమిషాలు నిలబడ్డాను. లోపల గది శుభ్రంగా ఉంది, పరుపు బాగుంది, పన్నులతో కలిపి రాత్రికి 170 డాలర్లు తీసుకున్నారు. కానీ తలుపు దగ్గర మనిషి ఉండడమనేది ఒంటరిగా ప్రయాణించే స్త్రీకి విలాసం కాదు, అవసరం. 1990ల మొదట్లో హైదరాబాదులో నేనున్న వర్కింగ్ విమెన్స్ హాస్టల్ గేటు రాత్రి తొమ్మిదికి మూసేవారు. నాకు నైట్ డ్యూటీ పడితే ఎడిషన్ పూర్తయ్యేసరికి ఒంటిగంట దాటేది. తెల్లవారేదాకా ఆఫీసులోనే, న్యూస్‌ప్రింట్ రీళ్ల పక్కన బల్ల మీద పడుకునేదాన్ని. ఆ నలభై నిమిషాల్లో నాకు గుర్తుకు వచ్చింది ఆ గేటే.

మరుసటి ఉదయం నికొలెట్ మాల్‌కు నడిచాను. పేరులో మాల్ ఉన్నా అది అంగళ్ల భవనం కాదు, కార్లు తిరగని పొడవాటి వీధి. నేను వెళ్లినప్పుడు బస్సులు, సైకిళ్లు, పాదచారులే కనిపించారు. సెవెంత్ స్ట్రీట్ కూడలిలో మేరీ కంచు విగ్రహం ఉంది. గ్వెండొలిన్ గిల్లెన్ చెక్కిన ఈ విగ్రహాన్ని 2002 మే 8న ఆవిష్కరించారు. వీధి పునర్నిర్మాణం కోసం 2015లో తీసివేసి, 2017లో తిరిగి పెట్టారు. ఆ మధ్యలోనే, 2017 జనవరి 25న, మేరీ టైలర్ మూర్ కన్నుమూశారు. ధారావాహిక ప్రారంభ దృశ్యంలో ఆమె టోపీని గాలిలోకి ఎగరేస్తుంది, విగ్రహం ఆ క్షణాన్నే పట్టుకుంది. వచ్చినవారు పక్కన నిలబడి చేయి పైకెత్తి ఫొటో తీసుకుని వెళుతున్నారు. చూడడానికి ఐదు నిమిషాలు చాలు, రుసుము లేదు.

అయితే నాకు ఆ విగ్రహం దగ్గర ఒక లోటు కనిపించింది. ఆ దృశ్యాన్ని జాగ్రత్తగా చూసినవారికి, మేరీ వెనుక తలకు స్కార్ఫు కట్టుకున్న ఒక పెద్దావిడ కనిపిస్తుంది. ఆమె నటి కాదు. దారిన పోతూ, నడివీధిలో టోపీ ఎగరేస్తున్న ఈ అమ్మాయి ఎవరా అన్నట్టు చూసిన మామూలు మనిషి. నా దృష్టిలో ఆ దృశ్యానికి ప్రాణం ఆ చూపులో ఉంది. ఒంటరిగా బతికే ఆడది సంతోషంగా కనిపించినప్పుడు చుట్టూ ఉన్నవారి ముఖాల్లో మెదిలే ప్రశ్న నాకు బాగా తెలుసు. విగ్రహంలో మేరీ ఒక్కతే మిగిలింది, ఆ చూపు లేదు.

అక్కడికి దగ్గర్లోనే ఐడీఎస్ సెంటర్ ఉంది. ఫిలిప్ జాన్సన్, జాన్ బర్జీ రూపొందించిన ఈ ఆకాశహర్మ్యం 1970ల తొలి సంవత్సరాల్లో కట్టినది. దాని అడుగున క్రిస్టల్ కోర్ట్ అనే విశాలమైన ప్రాంగణంలో, గాజు కప్పు నుంచి వెలుతురు పల్చటి పరదాలా కిందికి దిగుతుంది. తర్వాతి సీజన్ల ప్రారంభ దృశ్యాల్లో మేరీ ఎక్కిన ఎస్కలేటరు ఇక్కడిదే. ఈ ప్రాంగణంపైకి చూసే రెస్టారెంటులో ఆమె భోజనం చేస్తుండగా ఎదురుగా కూర్చున్న వ్యక్తి అప్పటి ఆమె భర్త గ్రాంట్ టింకర్. వారిద్దరూ కలిసి 1969లో స్థాపించిన ఎంటీఎం సంస్థే ఈ ధారావాహికను నిర్మించింది. విగ్రహం దగ్గర ఐదు నిమిషాలున్న నేను ఇక్కడ గంటన్నర కూర్చున్నాను. ఏమీ కొనకుండా ఒక్కదాన్నే అంతసేపు కూర్చున్నా ఎవరూ వచ్చి ఏం కావాలని అడగలేదు, ఆ గౌరవానికి నేను ఎక్కువ మార్కులు వేస్తాను. రెండో అంతస్తు నుంచి స్కైవే అనే గాజు వంతెనలు నాలుగు వైపులకూ వెళతాయి. 1962లో మొదలైన ఈ వంతెనల అల్లిక ఇప్పుడు దాదాపు 80 బ్లాకులను కలుపుతోంది. చలికాలంలో ఊరికి ఇవే ఆధారం. కానీ పని వేళలు ముగిశాక చాలావరకు నిర్మానుష్యమైపోతాయి, దారి సూచికలు కొత్తవారిని తికమక పెడతాయి. సాయంత్రం తర్వాత వీధి మీద నడవడమే మేలు.

వార్తా కేంద్రం కోసం మాత్రం ఎవరూ వెతకవద్దు. ధారావాహికలో మేరీ పనిచేసిన డబ్ల్యూజేఎం అనే కేంద్రం నిజంగా లేదు. న్యూస్‌రూమ్ దృశ్యాలన్నీ కాలిఫోర్నియాలోని స్టూడియో సిటీలో, ప్రేక్షకుల ఎదుట చిత్రీకరించారు.

గురువారం బస మార్చి, డౌన్‌టౌన్‌కు నైరుతి దిక్కున ఒక పాత ఇంట్లోని అతిథి గదికి వెళ్లాను. రాత్రికి 115 డాలర్లు, ఉదయం ఫలహారంతో కలిపి. స్నానాల గదిని మరొకరితో పంచుకోవాలి, మెట్లు ఇరుకు. అయినా ఇంటావిడ ఎదురు వచ్చి పెట్టె అందుకుని, వీధి తలుపు తాళంచెవి నా చేతిలో పెట్టి, ఎప్పుడైనా రావచ్చునని చెప్పింది. నాకు ఎన్ని సౌకర్యాలైనా ఆ తాళంచెవి తర్వాతే.

అక్కడి నుంచి కెన్‌వుడ్ పార్క్‌వేకు నడిచి వెళ్లవచ్చు. ధారావాహికలో మేరీ, పై అటకలో ఆమె స్నేహితురాలు రోడా అద్దెకున్న ఇల్లు ఆ వీధిలోనే ఉంది. 1892లో కట్టిన ఆ విక్టోరియన్ భవనం బయటి భాగాన్ని మాత్రమే చిత్రీకరించారు. యాత్రికుల తాకిడితో విసిగిన అప్పటి యజమాని, చిత్రబృందం మళ్లీ వచ్చినప్పుడు, అధ్యక్షుడు నిక్సన్‌ను అభిశంసించాలన్న బ్యానర్లను కిటికీలకు వేలాడదీసి చిత్రీకరణ సాగనివ్వలేదు. అది నేటికీ ఒకరి నివాసం కనుక, ఎదుటి కాలిబాట మీద రెండు నిమిషాలు నిలబడి, ఫొటో తీయకుండా కదిలాను. వెళ్లేవారికి నా మనవి కూడా అదే. ఇంటి కంటే ఆ పరిసరాలే విలువైనవి. లేక్ ఆఫ్ ది ఐల్స్ చుట్టూ ఉన్న కాలిబాట మీద మధ్యాహ్నమంతా నడిచాను. ఒంటరిగా పరుగెత్తుతున్నవారు, కుక్కలతో నడుస్తున్నవారు, బెంచీ మీద చదువుకుంటున్నవారు చాలామంది స్త్రీలే.

ఆ ఇంటి ముందు నిలబడినప్పుడు నాకు మరొక సంగతి తట్టింది. మేరీకి ఉద్యోగం దొరకడం కష్టమైంది గానీ ఇల్లు దొరకడం కష్టం కాలేదు, ఆ గదిని స్నేహితురాలు ఫిలిస్ ముందే చూసి పెట్టింది. మాకు హైదరాబాదులో సరిగ్గా తలకిందులు. ఉద్యోగం రాతపరీక్షతో వచ్చింది. నారాయణగూడ, చిక్కడపల్లి సందుల్లో టులెట్ బోర్డు చూసి గుమ్మం ఎక్కినప్పుడల్లా, "ఫ్యామిలీకే ఇస్తామమ్మా" అన్నవారే. ఒకాయన మా నాన్నగారిని తీసుకువచ్చి మాట్లాడించమన్నాడు. అప్పటికి నాన్నగారు పోయి నాలుగేళ్లయింది.

శుక్రవారం ఉదయం విశ్వవిద్యాలయం పక్కన డింకీటౌన్‌లో ఉన్న ఆల్స్ బ్రేక్‌ఫాస్ట్‌కు వెళ్లాను. రెండు భవనాల మధ్య సందంత వెడల్పున్న ఈ హోటల్లో ఉన్నవి పద్నాలుగు స్టూళ్లే. ఖాళీ అయ్యేదాకా కూర్చున్నవారి వీపుల వెనుక వరుసలో నిలబడాలి. ఇలాంటి చోట ఒంటరి మనిషికే లాభం, నలుగురి కంటే ముందు నాకే స్టూలు దొరికింది. బ్లూబెర్రీ పాన్‌కేకులు వేడిగా, అంచులు కరకరలాడుతూ ఉన్నాయి. ఒక్కరేనా అన్న ప్రశ్న జాలిగా వినిపించని హోటళ్లు నేను చూసినవి కొద్ది, వాటిలో ఇది ఒకటి.

చివరగా చూసిన రివర్‌సైడ్ ప్లాజాను ఈ యాత్రలో అన్నిటికంటే పైన పెడతాను. కెన్‌వుడ్ ఇంటి చిత్రీకరణ సాధ్యం కాకపోవడంతో, 1975లో మొదలైన ఆరో సీజన్‌లో మేరీని ఒక ఎత్తైన అపార్ట్‌మెంటుకు మార్చారు. తెరమీద ఆ భవనంగా చూపినది ఈ సముదాయాన్నే. రాల్ఫ్ రాప్సన్ రూపొందించగా 1973లో పూర్తయిన ఈ కాంక్రీటు కట్టడాల మీద అక్కడక్కడ ఎరుపు, పసుపు, నీలం పలకలు ఉంటాయి. అతి ఎత్తైన భవనానికి 39 అంతస్తులు. బ్లూ లైన్‌లో సీడర్-రివర్‌సైడ్ స్టేషన్‌లో దిగితే ఎదురుగానే ఉంటుంది. టోపీ విగ్రహం దగ్గర ఉన్నట్టుగా ఇక్కడ మేరీ కోసం వచ్చినవారు ఎవరూ కనిపించలేదు. బయటివారు ఈ ప్రాంతం గురించి భయపెట్టేలా మాట్లాడతారు. నేను సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకు ఉన్నాను, ఎవరూ నన్ను ఇబ్బంది పెట్టలేదు.

ఇప్పుడు ఇక్కడ ఎక్కువగా ఉంటున్నవారు సొమాలియా, ఇతర తూర్పు ఆఫ్రికా దేశాల నుంచి వచ్చిన కుటుంబాలు. వీధి మలుపులో ఒక చిన్న సొమాలీ హోటల్లో 'షాహ్' అనే టీ తాగాను. ఏలకులు, దాల్చినచెక్క, పాలు, చిక్కటి డికాక్షన్, ఇంట్లో తాగినట్టే ఉంది. పక్క బల్ల దగ్గర తలకు హిజాబు, ఒంటిమీద ఆసుపత్రి యూనిఫాం, మెడలో గుర్తింపు కార్డుతో ఒక యువతి ఒక్కతే కూర్చుని గబగబా తింటోంది. రాత్రి డ్యూటీకి వెళ్లాలని, ఉదయం ఏడున్నరకు తిరిగి వస్తానని చెప్పింది. అప్పుడు గేటు తెరిచే ఉంటుందా అని అడిగాను. ఆమెకు ప్రశ్న అర్థం కాలేదు. జేబులోంచి తాళంచెవుల గుత్తి తీసి చూపించింది.

శనివారం సెయింట్ పాల్‌లో తిరుగు రైలు 11.50కు. మినియాపొలిస్ నుంచి పదింటికైనా గ్రీన్ లైన్ ఎక్కితే యూనియన్ డిపోలో టీ తాగేంత తీరిక ఉంటుంది. ఈసారి కిటికీ ఎడమవైపు తీసుకోవాలి.