ఇంటి మిల్లింగ్ మెషిన్‌కు 400 వాట్ల డెల్టా సర్వో డ్రైవ్‌లు

చేతిచక్రాలతో నడిచే బెంచి మిల్లింగ్ మెషిన్‌ను సీఎన్‌సీగా (కంప్యూటరు నడిపేదిగా) మార్చినప్పుడు మొదట పల్సుకు ఒక అడుగు చొప్పున తిరిగే స్టెప్పర్ మోటార్లే బిగించాను. ఒకసారి అల్యూమినియం ప్లేటులో లోతుగా గాడి తీస్తుండగా ఎక్స్ యాక్సిస్ కొన్ని స్టెప్పులు తప్పింది. ఆ సంగతి కంట్రోలర్‌కు తెలిసే వీలు లేదు కనుక, తరువాత వేసిన రంధ్రాలన్నీ పక్కకు పడి ప్లేటు పాడైంది. దానితో ఎన్‌కోడర్ (మోటారు నిజంగా ఎంత తిరిగిందో చెప్పే సెన్సార్) ఉన్న సర్వో మోటార్లకు మారాలని నిశ్చయించుకుని, డెల్టా ఏఎస్‌డీఏ-బీ2 శ్రేణిలో 400 వాట్ల డ్రైవ్‌లు (మోటారుకు కరెంటు అందించి నడిపే యూనిట్లు) మూడు తీసుకున్నాను.

750 వాట్లు తీసుకోమని చెప్పినవారు ఉన్నారు కానీ, ఈ పరిమాణపు మెషిన్‌కు అది అనవసరమని నా అభిప్రాయం. 400 వాట్ల మోటారు ఆగకుండా ఇవ్వగల టార్క్ 1.27 న్యూటన్ మీటర్లు. 5 మి.మీ. పిచ్ బాల్‌స్క్రూ (ఒక చుట్టుకు టేబుల్‌ను 5 మి.మీ. జరిపే మర) మీద, ఘర్షణకు పదో వంతు తీసేసినా, అది టేబుల్‌ను దాదాపు 1,400 న్యూటన్ల బలంతో నెడుతుంది. చిన్న కట్టర్ అంతకు చాలా ముందే విరుగుతుంది. పైగా 750 వాట్ల మోటారు ఫ్లాంజి (బిగించే ముఖభాగం) 80 మి.మీ., దీనిది 60 మి.మీ. మాత్రమే, చిన్న టేబుల్ చివర ఆ తేడా బాగా తెలుస్తుంది. ఇంట్లోని సింగిల్ ఫేజ్ కరెంటుతోనే డ్రైవ్ నడుస్తుంది.

అసలు శ్రద్ధ పెట్టవలసింది పల్సుల లెక్క మీద. ఈ మోటారు ఎన్‌కోడర్ చుట్టుకు 1,60,000 పల్సులు ఇస్తుంది; డ్రైవ్‌లో వచ్చిన ప్రతి పల్సును హెచ్చించే ఎలక్ట్రానిక్ గేర్ 16/10 విలువతో వస్తుంది కనుక, కంట్రోలర్ ఒక చుట్టుకు లక్ష పల్సులు పంపాలి. ప్యారలల్ పోర్టు ద్వారా సెకనుకు 25,000 పల్సులు పంపే పాత కంప్యూటరుతో అయితే టేబుల్ నిమిషానికి 75 మి.మీ. మాత్రమే కదులుతుంది. ఆ గేర్ లవాన్నీ హారాన్నీ నిర్ణయించే సెట్టింగులైన పీ1-44లో 32, పీ1-45లో 1 పెట్టాను. ఇప్పుడు చుట్టుకు 5,000 పల్సులు, అంటే పల్సుకు సరిగ్గా ఒక మైక్రాన్; అదే కంప్యూటరుతో వేగం నిమిషానికి 1,500 మి.మీ.కు చేరింది. ఇంకా వేగం కావాలంటే మార్చవలసింది పల్సులు పంపే కార్డును, డ్రైవ్‌ను కాదు.

ఒక ఇబ్బంది మాత్రం రెండు రోజులు వేధించింది. స్పిండిల్ వీఎఫ్‌డీ (కట్టర్ తిప్పే మోటారు వేగాన్ని నియంత్రించే యూనిట్) ఆన్ చేయగానే, ఏ కమాండ్ లేకుండానే డయల్ గేజ్ ముల్లు రెండు గీతలు జరిగేది. తప్పు నా వైరింగ్‌దే: పల్సు తీగలను స్పిండిల్ కేబుల్ పక్కనే, షీల్డ్ లేకుండా లాగాను. వాటిని దూరంగా తీసి, జంటలుగా మెలివేసిన షీల్డెడ్ కేబుల్ వేసి, షీల్డును ప్యానెల్ వైపు ఎర్త్ చేశాక ముల్లు కదలలేదు.

పైకీ కిందకీ కదిలే జడ్ యాక్సిస్‌కు బ్రేక్ ఉన్న మోటారే కొనాలి. కరెంటు పోయినప్పుడు బాల్‌స్క్రూ తలభాగం బరువును ఆపలేదు, కట్టర్ నేరుగా జాబ్ మీదకు దిగుతుంది. అలాగే మూడు డ్రైవ్‌ల అలారం అవుట్‌పుట్‌లను ఎమర్జెన్సీ స్టాప్ సర్క్యూట్‌లో తప్పక కలపాలి. లేకపోతే ఒక యాక్సిస్ ఏఎల్009 అలారం చూపి ఆగిపోయినా మిగిలిన రెండూ కోస్తూనే పోతాయి. కమాండ్ ఇచ్చిన స్థానానికీ అసలు స్థానానికీ తేడా ఎంత దాటితే ఆ అలారం రావాలో నిర్ణయించే పీ2-35 విలువను కూడా బాగా తగ్గించుకోవాలి, ఎందుకంటే ఫ్యాక్టరీ విలువ ప్రకారం స్క్రూ కొన్ని చుట్లు వెనకబడినా డ్రైవ్ ఊరుకుంటుంది. నేను దాన్ని అర మిల్లీమీటరుకు సరిపడేలా పెట్టుకున్నాను.