పింఛనుకు వేలిముద్రా, కంటిపాపా?

పలాసలో జీడిపిక్కలు ఒలిచేవాళ్ల వేళ్లు పెంకులోని జీడినూనెకు కాలి, గీతలు చెరుగుతాయి. పింఛను ఇచ్చేటప్పుడు వేలిముద్ర చూసే యంత్రం ‘సరిపోలలేదు’ అంటే తప్పు వాళ్లది కాదు. పనిచేసే చేతిని గుర్తించే పరికరం ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత.

ఖర్చు: వేలిముద్ర యంత్రం చవక. కంటిపాపది ఎక్కువ.

శ్రమ: వేలికి తడి, నూనె, మట్టి ఉండకూడదు. బొటనవేలే పట్టుకు కూర్చోకుండా పది వేళ్లూ చూడాలి. కంటికైతే కళ్లద్దాలు తీసి, ఎండ పడని నీడలో రెప్పలు బాగా తెరవాలి.

ప్రమాదం: కంటిపాపకు శుక్లాలు, వాలిన రెప్పలు అడ్డం. వేలిముద్రకు నకిలీ బెడద ఉంది. దస్తావేజుల మీది ముద్రలతో సిలికాన్ అచ్చులు చేసి ఖాతాలు దోచారు. ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ (మన వేలిముద్ర, కంటిపాప ఎవరూ వాడకుండా వేసే తాళం) పెట్టుకోవచ్చు, కానీ పింఛను రోజున తెరవడం మరిస్తే యంత్రం ఒప్పుకోదు.

కూలి, జీడి, ఇటుక పనివాళ్లకు కంటిపాప మేలు. కంటి జబ్బున్నా చేతిగీతలు బాగున్న పెద్దలకు వేలిముద్ర చాలు. రెండూ కుదరనివాళ్లను తిప్పి పంపకూడదు: ధ్రువీకరణ విఫలమైందని అర్హులకు లబ్ధి ఆపరాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26 తీర్పులో చెప్పింది. గ్రామ, వార్డు సచివాలయంలో ఆ మాట గట్టిగా అడగండి.